పక్కసీటు మీద సంచి

ఆఫీసులో కొత్త లాప్‌టాప్‌లు ఇస్తున్నారని తెలిసిన రోజు మా ఫ్లోరు పెళ్లింట్లో చీరలు పెడుతున్నంత సందడిగా ఉంది. రెండు రకాలు వచ్చాయి. ఏది కావాలో మమ్మల్నే చెప్పమన్నారు. మొదటిది పెద్దది, బరువైనది. దాని ఛార్జరే ఇటుకంత ఉంది. కానీ ఎంత పని పెట్టినా నసగకుండా చేస్తుంది. రెండోది పలకంత పలచన. ఒంటి చేత్తో పట్టుకుని తిరగొచ్చు. కాస్త పెద్ద పని పెడితే మాత్రం చేతులెత్తేస్తుంది.

మాది టెస్టింగ్ టీము. ఎవరో రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం నా ఉద్యోగం. మా చెల్లె దాన్ని ఉద్యోగమని ఒప్పుకోదు, పుట్టుగుణం అంటుంది. ఈ పనికి పెద్ద లాప్‌టాపే సరైనది. అది ఉంటే ఇంట్లో మంచం మీద కూర్చుని కూడా అంతా చేసుకోవచ్చు. చిన్నది తీసుకున్నవాళ్లు ఆఫీసులో ఉన్న పెద్ద మిషన్‌కు దాన్ని కలుపుకుని పని చేయాలి. ఆ మిషన్ ఆఫీసు గోడలు దాటి బయటికి పలకదు. అంటే పెద్దది తీసుకుంటే ఇల్లు, చిన్నది తీసుకుంటే ఆఫీసు. ఇది అందరికీ వెంటనే అర్థమైంది. టీమంతా పెద్దదే అడిగింది.

నేను చిన్నది అడిగాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు చూశారు. లాప్‌టాప్‌లు పంచే అబ్బాయి రెండూ నా చేతికిచ్చి చూడమన్నాడు, పనిలో ఇబ్బంది పడతానని నచ్చజెప్పాడు. మా టీము లీడ్ వచ్చి ఎందుకని అడిగాడు. భుజం నొప్పి, బరువు మోయలేను అన్నాను.

నా భుజానికి ఏ రోగమూ లేదు. అసలు కారణం చెప్పడానికి నోరు రాలేదు, అంతే. అసలు కారణం ఏమిటంటే, రోజంతా ఇంట్లో ఉండాలంటే నాకు భయం. దయ్యాల భయం కాదు. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా నా గొంతు నాకే వినపడకుండా రోజు గడిచిపోతుందే, ఆ భయం. పనిలో ఇబ్బంది పడితే పడ్డాను, నలుగురి మధ్య పడతాను అనుకున్నాను.

మా ఇల్లు ఇబ్రహీంపట్నంలో, బస్టాండుకు నడిచిపోయేంత దూరం. కింద పిండి గిర్ని, పైన రెండు గదులు. నేను, చెల్లె కలిసి కిరాయికి దిగాం. అది దవాఖానలో నర్సు. కలిసి ఉన్నన్నాళ్లూ కొట్టుకు చచ్చేవాళ్లం. స్నానానికి బకెట్టు ఎవరు నింపాలి, పాలగిన్నె ఎవరు మాడబెట్టారు, ఫ్యాను కట్టేయకుండా ఎవరు పోయారు. తర్వాత దానికి భూపాలపల్లి దిక్కు బదిలీ అయింది. పోతూ పోతూ బకెట్టు నాకు వదిలేసింది. ఇప్పుడు దాన్ని నేనే నింపుతాను, నేనే ఖాళీ చేస్తాను, తిట్టడానికి మనిషి లేదు. పెళ్లి సంగతి మీరు కూడా అడగొద్దు. అడగాల్సినవాళ్లంతా అడిగి అలిసిపోయి ఊరుకున్నారు.

చెల్లె పోయిన కొన్నాళ్లకే ఆఫీసు భవనంలో ఏవో మరమ్మతులని అందరినీ కొన్ని నెలలు ఇంటి నుంచే పని చేయమన్నారు. కాల్‌లో మాట్లాడుకుంటాం కదా అంటారు. ఏం మాట్లాడుకోవడం? అందరూ మ్యూట్‌లో ఉంటారు. వంతు వచ్చినవాళ్లు మ్యూట్ తీసి వినపడుతుందా అని అడుగుతారు, పని చెప్పి మళ్లీ మ్యూట్‌లోకి పోతారు. దాన్ని మాటలని నేను ఒప్పుకోను. ఆ నెలల్లో డబ్బాలో జొన్నపిండి నిండుగా ఉన్నా మళ్లీ జొన్నలు కొనుక్కొచ్చి కిందికి పట్టించడానికి పోయేదాన్ని. గిర్ని ముందు డబ్బాలు పెట్టుకుని వరుసలో కూర్చున్న ఆడవాళ్లు ఏదో ఒకటి మాట్లాడతారు. ఆ చప్పుడులో సగం వినపడదు. ఫరవాలేదు, నా వైపు చూసి పెదవులు కదిపేవాళ్లు ఉన్నారు, అది చాలనిపించేది. చివరికి ఆ పిండికి పురుగు పట్టింది. పారబోస్తూ ఏడ్చాను. పిండి కోసం కాదని చెప్పనక్కర్లేదు.

అందుకే ఆఫీసు మళ్లీ తెరిచినప్పుడు నాకు పండగైంది. కంపెనీ బస్సు ఇబ్రహీంపట్నంలోనే బయలుదేరుతుంది. మొదట ఎక్కేది నేను. శేరిగూడ, మంగళ్‌పల్లి, బొంగుళూరు మీదుగా ఆదిభట్ల పోతుంది. మంగళ్‌పల్లిలో మా టీము అమ్మాయి ఎక్కేది. నాకంటే చాలా చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఆమె కోసం పక్కసీటు మీద నా లాప్‌టాప్ సంచి పెట్టి ఉంచేదాన్ని.

ఇది మావాళ్ల అలవాటు. మేం ఆర్టీసీ బస్సుల్లో పెరిగినవాళ్లం. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి దస్తీ, అదే చేతిరుమాలు, వేస్తే ఆ సీటు మనదే. దస్తీ లేకపోతే తువాలు, టిఫిన్ డబ్బా, ఏది చేతికొస్తే అది. ఒకాయన కాలి చెప్పు తీసి వేయడం నేను కళ్లారా చూశాను. ఎంత కొట్లాట మనిషైనా దస్తీ పడ్డ సీటు జోలికి రాడు. కంపెనీ బస్సులో సీట్ల కోసం తొక్కులాట ఏమీ ఉండదు, ఏసీ బస్సు, కిటికీ తెరుచుకోదు కూడా. అయినా నేను సంచి పెట్టేదాన్ని. ఎవరైనా కూర్చోబోతే మనిషి వస్తున్నదని చెప్పేదాన్ని. ఆ మాట చెప్పడం నాకు ఇష్టం. నా పక్కన కూర్చోవడానికి ఒక మనిషి వస్తున్నదని నలుగురి ముందు చెప్పుకోవడం చిన్న సంగతేం కాదు.

మంగళ్‌పల్లి నుంచి ఆదిభట్లకు దారి ఎంతని. ఆమె కూర మాడిన కథ మొదలుపెడితే అత్తగారు ఏమందో చెప్పకముందే ఆఫీసు గేటు వచ్చేది. మిగతాది సాయంత్రం. ఆమె పిల్లలిద్దరి పంటి నొప్పులు, జ్వరాలు, స్కూల్లో వేషాలు అన్నీ నాకు తెలుసు. ఆ పిల్లలను నేను ఫోన్లో తప్ప చూడలేదు.

ఆమె కూడా పెద్ద లాప్‌టాపే తీసుకుంది. నువ్వు కూడా చిన్నది తీసుకోవే, కలిసి వద్దాం అని నాలుక చివరిదాకా వచ్చింది. ఇంట్లో ఇద్దరు పిల్లలను అత్తగారి మీద వదిలి వస్తున్న మనిషిని ఏమని అడుగుతాను? అడగలేదు. నా చేతిలో పలకలాంటి లాప్‌టాప్ చూసి ఆమె ఆశ్చర్యపోయింది.

"నీకేంది అక్కా, ఒక్క ప్రాణం. పెద్దది తీస్కొని ఇంట్ల హాయిగ కూసోక గీ తిరుగుడెందుకు?"

నవ్వేశాను. ఒక్క ప్రాణం అన్న మాట నాతో చాలామంది అన్నారు. అదేదో నాకు దొరికిన ఆస్తి అన్నట్టు అంటారు.

తర్వాతి వారం నుంచి ఆమె బస్సుకు రాలేదు. మొదట్లో ఫోన్ చేసేది. కొత్త లాప్‌టాప్ ఫ్యాను మా గిర్ని కంటే ఎక్కువ మోగుతుందని, పిల్లలు దాని వేడికి చేతులు కాచుకుంటున్నారని చెప్పి నవ్వేది. మధ్యలో ఎవరో ఏడుస్తారు, జర ఆగు అక్కా అని ఫోన్ పక్కన పెడుతుంది. అవతల గిన్నెలు, పిల్లలు, టీవీ, అత్తగారు, అన్నీ వినపడేవి. నేను ఆగి వినేదాన్ని. ఒక్కోసారి ఫోన్ సంగతి మరిచిపోయేది. నేను మాత్రం పెట్టేసేదాన్ని కాదు.

బస్సులో పక్కసీటు మీద సంచి పెట్టే అలవాటు నా చేతికి పోలేదు. పాత లాప్‌టాప్ బరువుకు సంచి కదలకుండా కూర్చునేది. ఈ తేలికది బొంగుళూరు మలుపు తిరగ్గానే జారి కింద పడేది. ఎత్తి మళ్లీ పెట్టేదాన్ని. అద్దంలో చూస్తున్న డ్రైవరన్న ఒకరోజు, బస్సంతా ఖాళీనే ఉంది కదా మేడం, సీటు ఎవరికోసం ఆపుతున్నవ్ అని అడిగాడు. ఆయన మీద కోపం వచ్చింది. ఉన్నమాట అంటే ఉలుకెక్కువ అంటారు, అది నాలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది.

ఇక ఆఫీసు సంగతి. నలుగురి కోసం వచ్చానా, ఆ నలుగురూ ఇళ్లలో ఉన్నారు. మా ఫ్లోరులో లైట్లు వాటంతటవే వెలుగుతాయి, మనిషి కదలిక లేకపోతే వాటంతటవే ఆరిపోతాయి. మునుపు ఆ సంగతే మాకు తెలియదు, ఎప్పుడూ ఎవరో ఒకరు తిరుగుతుండేవాళ్లు. ఇప్పుడు నేను కదలకుండా కూర్చుని పని చేస్తుంటే నా తల మీది లైటు ఆరిపోయేది. చెయ్యి పైకెత్తి ఊపితే మళ్లీ వెలిగేది. రోజంతా అలా ఎవరికో టాటా చెబుతూ కూర్చునేదాన్ని. ఇంట్లో కంటే ఇదే నయం అని నాకు నేను చెప్పుకునేదాన్ని. నిజానికి ఇంట్లోనైతే కనీసం లైటు నేను ఉన్నానని నమ్మేది.

మా లీడ్ అప్పుడప్పుడు వచ్చేవాడు. నల్లగొండ దిక్కు మనిషి, నాకంటే చిన్నవాడు. కాల్‌లో పేరుపెట్టి పిలుస్తాడు, ఎదురుపడితే అక్కా అంటాడు. ఒకరోజు నవ్వుకుంటూ నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నీ భుజం సంగతి యాదికున్నది నాకు. ఆఫీసు మిషన్‌కు నీ ఇంటికాంచే కలిసేటట్టు పర్మిషన్ తెచ్చిన. రేపటిసంది రాకు. ఆరాం చెయ్యి."

నేను అడగకుండానే నా కోసం ఎవరెవరితోనో మాట్లాడి, తిరిగి, ఒప్పించాడు. అంత మంచితనం నాకు ఆ ఏడాదిలో ఎవరూ చూపించలేదు. కానీ నేను చెప్పిన సాకే మెడకు చుట్టుకుంది. థాంక్స్ అని చెప్పి, నీళ్లు తాగి వస్తానని లేచి, బాత్రూములో కాసేపు నిలబడ్డాను. రేపటి నుంచి గిర్ని, బకెట్టు, మ్యూట్. మళ్లీ జొన్నలు పట్టించడానికి పోవాలి. తిరిగి వచ్చేసరికి అతను సంచి సర్దుకుంటున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"నా భుజం మంచిగనే ఉన్నది తమ్మీ. ఇంట్ల మాట్లాడేతందుకు ఎవ్వరు లేరు. అందుకే చిన్నది తీస్కున్న, అందుకే వస్తున్న."

అతను నవ్వలేదు, కోప్పడలేదు. సంచి జిప్పు వేయడం ఆపాడు.

"గట్లైతే రా అక్కా, నేనెందుకు వద్దంట," అన్నాడు. "కని ఈడ మాత్రం ఎవరున్నరు?"

అవతలి మూల లైట్లు అప్పుడే ఆరిపోయాయి. ఇద్దరం అటు చూశాం. అతను వెళ్లిపోయాక నేను నా పని చేసుకున్నాను.

అయినా మానలేదు. మొండికి ఏ మందూ లేదు. అది చాలదన్నట్టు ఇబ్రహీంపట్నం దిక్కు ఎక్కేవాళ్లు లేరని కొన్నాళ్లకు కంపెనీ బస్సు కూడా ఆపేశారు. వాళ్లననడానికి లేదు, ఒక్క ప్రాణం కోసం బస్సు నడుస్తుందా. ఇక ఆర్టీసీ బస్సే దిక్కు. బొంగుళూరు గేటు దగ్గర దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో ఆదిభట్ల. ఆడవాళ్లకు టికెట్ లేకుండా అయిన దగ్గర్నుంచి ఆ బస్సుల్లో కాలు పెట్టే సందు ఉండదు. ఏసీకి అలవాటుపడిన ఒళ్లు, మొదట్లో రోజూ తిట్టుకునేదాన్ని. బరువు లాప్‌టాప్ తీసుకుని ఉంటే ఆ తొక్కులాటలో నిజంగానే భుజం పోయేది.

ఒక సాయంత్రం బొంగుళూరులో ఎక్కి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. నా ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దామె నా వైపు చూసి చెయ్యి చాపింది. కూర్చున్నవాళ్లు నిలబడ్డవాళ్ల సంచులు ఒళ్లో పెట్టుకోవడం మా బస్సుల్లో మామూలే. ఇచ్చాను. ఒళ్లో పెట్టుకుని, మళ్లీ ఎత్తి చూసి, ఇందులో ఏం లేనట్టే ఉన్నదేంది బిడ్డా అని అడిగింది. కంప్యూటర్ అంటే నమ్మలేదు. జిప్పు తీసి చూపించాను. పలక కొనుక్కొని కంప్యూటరంటవా అని నవ్వింది. ఆ తర్వాత వరుసగా అడిగింది. ఏ ఊరు, ఎవరి బిడ్డవు, తోబుట్టువులెందరు, ఎక్కడ చేస్తున్నవ్, పొద్దున ఏం కూర. బీరకాయ అని చెప్పాను. నువ్వులపొడి వేస్తవా అని అడిగింది. వేస్తానన్నాను. వేయాలె మరి అంది. మామూలుగా ఇన్ని ప్రశ్నలు అడిగేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు ఇంకా ఏమైనా అడిగితే బాగుండుననిపించింది. నేను పొద్దున ఏం వండుకున్నానో చెల్లె వెళ్లాక ఎవరూ అడగలేదు.

ఆమె ఎల్బీనగర్ దగ్గర ఒక దవాఖానలో ఆయా. యాచారంలో దిగాలట. శేరిగూడ వచ్చేసరికి ఆమె మాట తడబడింది, తల నా సంచి మీదికి వాలింది. రెండు చేతులూ సంచి పట్టీలో దూర్చి, చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని నిద్రపోయింది.

ఇబ్రహీంపట్నం వచ్చింది. జనం దిగుతున్నారు. సంచి కోసం చెయ్యి చాపాను. లేపితే లేస్తుంది, సంచి ఇస్తుంది, నేను దిగిపోతాను. మెట్లెక్కి తాళం తీస్తాను. బకెట్టు నింపుతాను. అంతే కదా. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇంకెవరైనా దిగేది ఉన్నదా అని కండక్టరమ్మ అడిగింది. నేను పలకలేదు. బస్సు కదిలింది. ఆమె పక్కసీటు ఖాళీ అయింది, వెళ్లి అందులో కూర్చున్నాను. ఒక మలుపు దగ్గర ఆమె తల సంచి మీది నుంచి నా భుజం మీదికి జారింది. రోగం లేని భుజమే కదా, అలాగే ఉంచాను. గున్‌గల్ పోయింది. కిటికీలోంచి చీకటి పడుతున్న చేలు చూస్తూ, చాలా రోజుల తర్వాత నాకు ఏ తొందరా లేదనిపించింది.

యాచారంలో కండక్టరమ్మ కేకకు ఆమె ఉలిక్కిపడి లేచింది. సంచి చూసింది, నన్ను చూసింది. ఇద్దరం దిగాం.

"నీ ఊరు ఎప్పుడో పోయింది గద బిడ్డా. లేపకపోతివేంది?"

"మంచిగ పండుకున్నవని లేపలే పెద్దమ్మా. ఇంట్ల నాకోసం చూసేటోళ్లు ఎవ్వరు లేరు."

ఇదే మాట లీడ్‌తో చెప్పడానికి చాలా రోజులు పట్టింది. ఈసారి అడగ్గానే చెప్పేశాను. ఆమె అయ్యో పాపం అనలేదు. పిచ్చిదానా అని తిట్టింది, ఆడపిల్లవు ఈ యాళకు ఊరుగాని ఊరికి వస్తవా అని మళ్లీ తిట్టింది. నేను ఇంటికి పొమ్మంటే ఆమె పోలేదు. తిరుగు బస్సు వచ్చేదాకా నా పక్కనే రోడ్డు మీద నిలబడి, కొడుకు ఫోన్ చేస్తే వస్తున్నలే, ఒక పిల్లకు బస్సు ఎక్కియ్యాలె అని చెప్పింది. నలభై దాటిన నన్ను పిల్ల అని ఎవరు అంటారు?

బస్సు మలుపు తిరిగి కనపడగానే ఆమె నన్ను వదిలి ముందుకు ఉరికింది. బొడ్లోంచి దస్తీ తీసి, ఇంకా ఆగని బస్సు వెంట నడుస్తూ, కిటికీలోంచి లోపలికి విసిరింది. నేను దగ్గరికి పోయి చూశాను. బస్సులో పట్టుమని పదిమంది లేరు. సీట్లన్నీ ఖాళీ.

"బస్సంత ఖాళీనే ఉన్నది పెద్దమ్మా."

"ఉండనియ్యి. గా దస్తీ ఏసిన సీటు నీది. పో, కూసో."

ఎక్కాను. కిటికీ పక్క సీట్లో మాసిన పువ్వుల దస్తీ, దవాఖాన ఫినాయిలు వాసన కొడుతూ, నా కోసం పడి ఉంది. దాన్ని తీసి అక్కడే కూర్చున్నాను. తిరిగిద్దామని చెయ్యి బయటపెట్టేలోపు బస్సు కదిలింది. ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపి, చీకట్లో రోడ్డు దాటుతోంది. ఏడుపొచ్చింది. తుడుచుకోవడానికి ఆ దస్తీయే దొరికింది.

గున్‌గల్ దగ్గర కోళ్ల ఫారాల్లో పనిచేసే ఆడవాళ్లు గుంపుగా ఎక్కారు, బస్సు నిండిపోయింది. ఒకామె నా దగ్గరికి వచ్చి ఆగింది. అప్పుడు చూసుకున్నాను, నా చెయ్యి ఎప్పటిలాగే సంచిని పక్కసీటు మీద పెట్టేసి ఉంది.

"అక్కా, గీడ ఎవలన్న వస్తున్నరా?"

సంచిని తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఎవ్వరు వస్తలేరు," అన్నాను. "కూసో."